లెక్కకి రాని డొప్ప

మా అయ్య ముప్పై ఏళ్లు ఇత్తడి బిందెలు చేశాడు. మా ఇంట్లో నీళ్లు మాత్రం సత్తు బిందెలో ఉండేవి.

అనకాపల్లి అనగానే మీకందరికీ బెల్లం గుర్తొస్తుంది. మా అమ్మ ఆ బెల్లం దిమ్మలు మోసిన మనిషే. కానీ నా చదువుకి ఖర్చయింది ఎక్కువగా ఇత్తడి డబ్బులే. అయ్య ఒక కంచర కొలిమిలో పనోడు. తిత్తి ఊదటానికి చేరాడు, కొన్నాళ్లకి సుత్తి చేతికొచ్చింది. రేకు కోసి, అతికి, దాగలి మీద మోది బిందె రూపం తెచ్చేవాడు. కొనటానికొచ్చినవాళ్లు ఆ బిందెని అయ్య చేతిలోంచి అందుకునేవారు కాదు. నేల మీద పెడితే తీసుకునేవారు. ఇంటికి పట్టుకుపోయి చింతపండుతో తోమి మైల తీసుకునేవారు. నిప్పుల్లో ఎర్రగా కాలినదానికి ఇంకా మైలేటో నాకిప్పటికీ అర్థం కాదు.

సెలవుల్లో అయ్యకి అన్నం క్యారేజీ పట్టుకెళ్లేవాణ్ణి. ఒక్కోసారి మిట్టమధ్యాహ్నం కొలిమి తలుపులు మూసి ఉండేవి. లోపల చీకటి. బొగ్గుల్లో రేకు. అయ్య దాన్నే చూస్తూ ఉండేవాడు, పలకరించినా పలికేవాడు కాదు. మసక ఎరుపు కనపడగానే పట్టకారుతో లాగి నీళ్లలో పడేసేవాడు. ఎండ వెలుతుర్లో ఆ ఎరుపు కనపడదు, అందుకే తలుపులు.

"ఇనుం కాల్చి నీల్లలో ముంచితే గట్టిపడతాదిరా. ఇత్తడి మెత్తబడతాది. దీని పద్దతే ఏరు" అనేవాడు. "సుత్తి దెబ్బ తిన్న కొద్దీ బిగుసుకుపోద్ది. ఇంకా కొడితే పగుల్తాది. పగలకముందే కొట్టడం ఆపి కాల్చాల. అలాగని ఎక్కువ కాల్చీసేవనుకో, తెల్లపొగొచ్చి రేకు పాడైపోద్ది."

ఆ తెల్లపొగ జింకుదని నాకు డిగ్రీలో తెలిసింది. అయ్యకి జింకు పేరు తెలీదు, ఎప్పుడు ఆపాలో తెలుసు. నేనిప్పుడు సర్కారు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్తున్నాను. దెబ్బలకి లోహంలో స్ఫటికాలు చెదిరి బిగుసుకుంటాయనీ, వేడికి మళ్లీ కొత్తగా అమరుతాయనీ నల్లబల్ల మీద బొమ్మ గీస్తాను. గీసిన ప్రతిసారీ ఆ మూసిన తలుపులే కళ్లముందుంటాయి.

డిగ్రీలో ఎన్‌సీసీలో చేరాను. ఖాకీ బట్టలేసుకుంటే మా పేటవాడినని ఎవరికీ తెలీదనుకున్నాను. 2008లో క్యాంపు. పాయింట్ టూటూ రైఫిలుతో కాల్పులు. అక్కడ ప్రతి తూటాకీ లెక్కుంటుంది. యాభై ఇస్తే యాభై ఖాళీ డొప్పలు తిరిగి అప్పజెప్పాలి. ఆ రోజు నలభైతొమ్మిదే తేలాయి.

అరవై మంది వరసలో నిలబడ్డాం. మాస్టారు నేరుగా నా దగ్గరకొచ్చాడు. "మీ నాన్న కంచర కొలిమిలో కదరా పని? ఇత్తడి మీకు తెలిసిన సరుకే" అన్నాడు. నన్నూ, మా పక్క పేట కుర్రాడొకణ్ణీ ముందుకి పిలిచాడు. చొక్కాలిప్పించాడు. బూట్లు విప్పించాడు. మేజోళ్లు తిరగేసి దులపమన్నాడు. మిగతా యాభై ఎనిమిది మందీ చూస్తున్నారు. కొందరు నవ్వారు. నాకు బాగా గుర్తున్నది ఆ నవ్వు కాదు, నవ్వనివాళ్లు తలలు తిప్పుకోవటం.

డొప్ప సాయంత్రం దొరికింది. ఒక పెద్ద రైతు కొడుకు ప్యాంటు మడతలో ఇరుక్కుని ఉంది. దొంగతనం కాదు, ఎగిరి పడిందంతే. ఆ అబ్బాయి బట్టలెవరూ వెతకలేదు. తనే చూసుకుని నవ్వుతూ తెచ్చిచ్చాడు. "శభాష్" అన్నారు. మాకెవరూ ఏమీ చెప్పలేదు. చొక్కాలు మేమే తొడుక్కున్నాం.

ఆ డొప్ప గ్రాము కూడా తూగదు. దాని విలువెంతని తర్వాత ఎన్నో పుస్తకాలు తిరగేశాను. పాయింట్ టూటూ డొప్పకి నిప్పుమందు అడుగు అంచులోనే ఉంటుంది. సూది కొట్టగానే ఆ అంచు నలిగిపోతుంది. మళ్లీ మందు కూరటానికి పనికిరాదు. పెద్ద రైఫిళ్ల సంగతి వేరు. వాటి డొప్పకి అడుగున మధ్యలో చిన్న మూత ఉంటుంది, అది మార్చుకోవచ్చు. అమెరికాలో వేటగాళ్లకి ఇదొక ఇంటి వ్యాపకం. డొప్ప మెడ దగ్గర కాల్చి మెత్తన చేసి, అచ్చులో నొక్కి వేరే సైజు తుపాకికి సరిపోయేలా మలుచుకుంటారు. అడుగు భాగానికి మాత్రం సెగ తగలనివ్వరు, పేలుడు ధాటికి అది గట్టిగా నిలబడాలి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే నేరం. అసలు తూటా డొప్ప పుట్టుకే మా అయ్య పని. నూటికి డెబ్బై రాగి, ముప్పై జింకు. గుండ్రటి బిళ్లని గిన్నెలా ఒత్తి, సాగదీసి, బిగుసుకోగానే కాల్చి, మళ్లీ సాగదీస్తారు. మిలటరీ తూటా మెడ మీద ఆ కాలిన రంగు అలాగే వదిలేస్తారు.

చదువుతుంటే ఇంకొకటి దొరికింది. తెల్లదొరల కాలంలో మన దేశంలోనే వానాకాలం వస్తే దాచిన తూటాల డొప్పలు వాటంతటవే పగిలిపోయేవట. గుర్రపు శాలల్లో దాచేవారు. గుర్రాల ఉచ్చలోంచి వచ్చే అమ్మోనియా, డొప్పలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిస్తే ఇత్తడి చీలుతుందని 1921లో మూర్, బెకిన్‌సేల్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. మందు ఒకటే, సన్నగా కాల్చి ఆ బిగువు తీసెయ్యటం. ఇది అయ్యకి చెప్తే ఆశ్చర్యపోలేదు. "పసువుల సాలలో ఇత్తడి పెట్టకూడదని మాకు తెల్దేటి?" అన్నాడు.

తూటా సైజు కూడా ఎవర్ని నమ్మాలన్న లెక్క మీదే నడిచింది. పాయింట్ త్రీనాట్‌త్రీ పట్టాలం రైఫిలు. పోలీసులకీ, జైలు కాపలావాళ్లకీ అదే రైఫిలుని ఇషాపూర్‌లో గొట్టం నున్నగా తొలిచి, పాయింట్ ఫోర్‌టెన్ మస్కెట్‌గా మార్చి ఇచ్చారు. తూటా డొప్ప అదే త్రీనాట్‌త్రీది, మెడ నొక్కకుండా తిన్నగా వదిలేశారు. ఒక్కో తూటా పెట్టి కాల్చుకోవాలి. చేతిలో తుపాకి పెట్టారు గానీ మనిషిని నమ్మలేదు. మనవాళ్లకి ఆ తుపాకి కూడా దక్కలేదు. అంబేడ్కర్ తండ్రి సుబేదారు. ఆయన కులంవాళ్లని పట్టాలంలో చేర్చుకోవటం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆపేశారు. మొదటి యుద్ధంలో మనుషులు చాలక పిలిచి, అయ్యాక పంపేశారు. మహర్ రెజిమెంటు నిలబడింది 1941లో. అవసరమైతే డొప్ప ఏరుకుంటారు, తీరితే విసిరేస్తారు.

ప్లాస్టిక్ బిందెలొచ్చాక అయ్య కొలిమి మూతపడింది. కిందటేడు పాతసామాన్ల కొట్లో ఇత్తడి బిందెలు కేజీల లెక్కన తూస్తుంటే ఒక దాని మీద సుత్తి దెబ్బలు చూసి ఆగాను. ఏ రైతు ఇంటిదో. కొని ఇంటికి తెచ్చాను. అయ్యకి చూపు ఆనటం లేదు. ఒళ్లో పెట్టుకుని అడుగంతా వేళ్లతో తడిమాడు.

"నాదే" అన్నాడు.

తర్వాత మెడ దగ్గర వేలు ఆగింది. సన్నటి బీట. గోటితో గీకి చూశాడు.

"ఆల్లు పసువుల సాలలో పెట్టినట్టున్నారు. అయినా ఈ మెడకాడ నాను సరీగా కాల్లేదురా. ఆ రోజేదో తొందరలో ఉన్నాను" అన్నాడు.

నీళ్లు పోస్తే కారిపోతున్నాయి. అమ్మ దాన్లో బియ్యం పోసింది.