నెమరు వెనుక నత్రజని

కడుపు నిండుట వేరు, పోషణ కలుగుట వేరు. ఈ భేదము మనుష్యులకే గాక పశువులకును వర్తించును. మేము తెలుగు పాఠము చెప్పుకొను వారము; విజ్ఞానశాస్త్రము మా విద్య కాదు. అయినను సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల రైతుబిడ్డలు మా తరగతులలో కూర్చుండుటచే ఈ విషయమును తెలిసికొన యత్నించితిమి.

వేసవిలో మన పల్లెలలో ఒక వింత కానవచ్చును. దొడ్డిలో జొన్నచొప్ప నిండుగా నుండును. బర్రె మాత్రము డొక్కలు తేలి, పాలు తగ్గి నిలుచును. "ఎంత మేసినా ఒంటికి పట్టదు" అని యజమాని దానినే నిందించి, తుదకు అంగడికి తోలి అగ్గువకు అమ్ముకొనును. పేదయింట ఆ పాడియే పిల్లల చదువునకు ఆధారము కావచ్చును.

నిజమునకు లోపము బర్రెది కాదు. నెమరువేయు జంతువు పీచును తానై జీర్ణము చేసికొనలేదు. దాని మొదటి పొట్టలో నివసించు సూక్ష్మజీవులు తమ ఎంజైములతో ఆ పని చేయును. ఎంజైములు మాంసకృత్తులే, వానికి నత్రజని కావలెను. పీచును విడగొట్టు బాక్టీరియా దానిని ముఖ్యముగా అమ్మోనియా రూపమున గ్రహించును. అది చాలనప్పుడు బాక్టీరియా పెరుగవు, ఎంజైములు తగ్గును, చొప్ప పొట్టలోనే నిలిచిపోవును. అందుచే పశువు మేత కూడ తగ్గించును. మేతలో మాంసకృత్తులు నూటికి సుమారు 7 పాళ్లైనను ఉండవలెనందురు. ఎండుచొప్పలో సాధారణముగా 3 నుండి 5 పాళ్లే.

ఫిన్లాండు శాస్త్రజ్ఞుడు విర్తానెన్, మాంసకృత్తులకు బదులు యూరియా, అమ్మోనియా లవణములు తినిన ఆవులు పాలిచ్చినవని 1966లో ప్రకటించెను. సూక్ష్మజీవుల శక్తి అంతటిది! మా దాదీ ప్రయోగశాల నెరుగదు. కాని చొప్ప వేసిన పూట కుడితిలో తెలగపిండి కలుపక మానెడిది కాదు.

1972లో పటాన్‌చెరువున వెలసిన ఇక్రిశాట్‌లో జొన్నపై పరిశోధన సాగుచున్నది. అచటి నుండి పనిచేసిన అంతర్జాతీయ పశు పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు హైదరాబాదు మేత అంగళ్లలోని చొప్పను పరీక్షించిరి. సులువుగా జీర్ణమగు చొప్పకే కొనువారు హెచ్చు ధర నిచ్చుచుండిరని తేలినది. పాడివారి కంటికి తెలిసినదానినే శాస్త్రము కొలిచి చూపినది.

నేడు కర్మాగారములు, ఇండ్లస్థలములు పెరిగిన కొలది ఈ ప్రాంతమున బీళ్లు, గట్లమీది పచ్చిగడ్డి తగ్గినవి. పచ్చికతో వచ్చెడి నత్రజనిని ఇక మనమే సమకూర్చవలెను. పల్లితీగ, కందిపొట్టు, తెలగపిండి అందులకు పనికివచ్చును. 4 కిలోల యూరియాను నీట కరగించి 100 కిలోల ఎండుగడ్డిపై చల్లి, గాలి చొరకుండ మూడు వారములు కప్పియుంచు పద్ధతియు కలదు. కాని యూరియాను నేరుగా తినిన పశువు ప్రాణమే పోవచ్చును. పశువైద్యుని అడుగక దాని జోలికి పోరాదు.

విద్యార్థులారా! సెలవులకు ఇండ్లకు పోయినపుడు చొప్పవామి ఎత్తు చూచి తృప్తిపడకుడు. ఆ చొప్పతో పాటు ఏమి పెట్టుచున్నారో ఇంటి పెద్దలను అడుగుడు. మీరు చదివిన రసాయనశాస్త్రము దొడ్డిదాక నడిచిననాడే అది మీ ఇంటి విద్య యగును.