పదకొండో రౌండులో దొరికినోడు



మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా హాస్టల్లో ఫాంటసీ బాస్కెట్‌బాల్ లీగ్ పెడుతున్నారు. మొదటి రౌండ్లలో పెద్ద పేర్లు ఎవరైనా తీసుకుంటారు. చివరి రౌండ్లలో ఎవర్ని తీసుకోవాలి?" అని. రెండు ముక్కల్లో చెప్పేద్దామనుకున్నా, కుదర్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకోండి.

తెలియనివాళ్ల కోసం ముందు ఆట సంగతి. మా లీగులో పది మందిమి. ఎన్‌బీఏ ఆటగాళ్లని వంతులవారీగా ఒక్కొక్కర్ని ఎంచుకుంటాం. ఒకరు తీసుకున్నోడు ఇంకొకరికి దక్కడు. మొదటి రౌండు ఒకటి నుంచి పది, రెండోది పది నుంచి ఒకటి, ఇలా పాములా తిరుగుతుంది, 13 రౌండ్లు. తర్వాత వాళ్లు నిజం మ్యాచుల్లో ఏం చేస్తే అదే మన లెక్క. వారానికొకరితో పోటీ. లెక్కలు తొమ్మిది: పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్, బ్లాక్స్, త్రీలు, ఫీల్డ్ గోల్ శాతం, ఫ్రీ త్రో శాతం, టర్నోవర్లు. తొమ్మిదింటిలో పాయింట్లు ఒక్కటే చూడండి. కానీ డ్రాఫ్టు రోజు అందరి కళ్లూ దానిమీదే ఉంటాయి.

అన్నట్టు, మా దాంట్లో డబ్బుల్లేవు. ఓడినోడు గెలిచినోడికి బిర్యానీ పెట్టాలి, అంతే. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి మన రెండు రాష్ట్రాల్లోనూ చట్టం ఒప్పుకోదు, 2025లో కేంద్రం చట్టం కూడా వచ్చింది. ఎవరైనా "వందే కదా" అని పిలిస్తే వెళ్లకండి. స్కాలర్‌షిప్ డబ్బులు అలా పోగొట్టుకున్నోళ్లని చూశాను.

ఇక 2024 అక్టోబర్. డ్రాఫ్టు దసరా సెలవుల్లో పడింది. మా ఊరు పాడేరు దాటి లోపలికి. ఊళ్లో సిగ్నల్ ఉండదు, కొండమీద బండ ఎక్కితే రెండు గీతలు వస్తాయి. ఎక్కి కూర్చున్నా. మొదటి నాలుగు రౌండ్లూ ఫోన్ తిరుగుతూనే ఉంది. మన టైములో మనం నొక్కకపోతే యాప్ తనంతట తానే లిస్టులో పైనున్నోణ్ణి మనకి అంటగట్టేస్తుంది. అలా నాకు మొదటి రౌండులో ఆంథోనీ డేవిస్ వచ్చి పడ్డాడు. సిగ్నల్ కుదురుకునే సరికి పెద్ద పేర్లన్నీ అయిపోయాయి. నేను నా బుర్రతో ఎంచుకున్నవన్నీ కింది రౌండ్లే.

అప్పుడే మా చిన్ననాటోడు ఒకడు మేకల వెనకాల అటు వచ్చాడు. పేరు చెప్పను. ఆశ్రమ పాఠశాలలో నాతోపాటే చదివాడు, పదితో ఆపేశాడు. "ఏటి చేస్తన్నావురా ఇక్కడ?" అన్నాడు. చెప్పా. పక్కన కూర్చుని స్క్రీన్ చూస్తూ, తొమ్మిది లెక్కలూ విని అడిగాడు. "బంతి లాక్కుంటే కూడా లెక్కేనేటి?"

లెక్కేరా, స్టీల్ అంటారు అన్నాను. వాడేం మాట్లాడలేదు.

మా బడిలో సిమెంటు కోర్టు, నెట్టు లేని రింగు ఉండేవి. పీఈటీ సారు ఇద్దరు కెప్టెన్లని నిలబెట్టి, ఒకడు నీకు, ఒకడు నాకు అని ఎంచుకోమనేవారు. నేనొక కెప్టెన్ని. వీణ్ణి ఎప్పుడూ చివరికే పిలిచేవాణ్ణి. ఒక్కోసారి పిలిచేవాణ్ణే కాదు, మిగిలినోడు కాబట్టి వచ్చి నిలబడేవాడు. పొట్టిగా ఉండేవాడు, బాస్కెట్ వేసేవాడు కాదు. కానీ అవతలోడి చేతిలో బంతి ఎలా మాయమయ్యేదో, వీడి చేతిలో ఉండేది. సుద్దముక్కతో గోడమీద మేం రాసుకునేది బాస్కెట్లే. లాక్కున్న బంతి ఎవడూ రాయలేదు.

సరే, పదకొండో రౌండు. నా కాగితంమీద డైసన్ డేనియల్స్ పేరు ముందే ఉంది. ఆస్ట్రేలియా కుర్రాడు. అంతకుముందు సీజన్ న్యూ ఓర్లీన్స్‌లో ఆటకి 22 నిమిషాలు ఆడి ఆరు పాయింట్లు కూడా చేయలేదు, అందుకే లిస్టులో అడుగున ఉన్నాడు. కానీ ఆ 22 నిమిషాల్లోనే 1.4 స్టీల్స్. ఆ వేసవిలో అట్లాంటా జట్టు డిజాంటే ముర్రేని ఇచ్చి ఇతన్ని తెచ్చుకుంది. అంటే ట్రే యంగ్ పక్కన చోటు ఖాళీ. 34 నిమిషాలు ఆడితే? చిన్నప్పటి ఏకిక వస్తు లెక్కే. రెండు దాటుతాయి. వారానికి పాయింట్లు వందల్లో వస్తాయి, స్టీల్స్ పదుల్లోనే. కాబట్టి అక్కడ ఒక్కడు రెండు ఎక్కువ తెచ్చినా ఆ లెక్క మనదైపోతుంది. తమ్ముడూ, నువ్వడిగిన దానికి జవాబు ఇదే. నిరుడు ఎన్ని చేశాడని కాదు, నిమిషానికి ఎంత చేశాడు, ఈ ఏడు నిమిషాలు ఎక్కడ ఖాళీ అయ్యాయి అని చూడు. ఎవరు జట్టు మారారు, ఎవరు గాయపడ్డారు, ఎవరు వెళ్లిపోయారు అన్నది అక్టోబర్లో ఓ గంట కూర్చుని రాసుకుంటే చాలు.

నొక్కేశా. గ్రూపులో నవ్వారు, "ఎవర్రా ఇతను" అని.

నేను రెండు అనుకున్నా. అతను మూడు చేశాడు. నవంబర్లో వరుసగా నాలుగు ఆటల్లో ఆరుకి తగ్గలేదు. సీజన్ మొత్తం సగటు 3.0. 1990-91లో ఆల్విన్ రాబర్ట్‌సన్ తర్వాత అంత సగటు ఎవరికీ రాలేదు. బాగా మెరుగుపడిన ఆటగాడి అవార్డు కూడా అతనికే. లోపం లేదని కాదు, ఫ్రీ త్రోలు పదికి ఆరు కూడా పడవు, ఆ లెక్క చాలా వారాలు ఓడిపోయా. అది తెలిసే తీసుకున్నా. తెలియకుండా చేసిన తప్పు పన్నెండో రౌండులో ఉంది. పేరు చూసి ఒక పాత స్టార్‌ని తీసుకుని, మూడు వారాలకి వదిలేశా. అప్పటికి కాగితం జేబులో పెట్టేశాను మరి.

ఇక యాప్ అంటగట్టిన ఆంథోనీ డేవిస్‌ని ఫిబ్రవరిలో లూకా డాన్చిచ్ కోసం డల్లాస్‌కి పంపేశారు. అక్కడ మొదటి ఆటలోనే గాయం, మళ్లీ కనబడింది మార్చి చివర్లో. డేనియల్స్ 76 ఆటలు ఆడాడు. లిస్టులు రాసేవాళ్లు తెలివితక్కువోళ్లని అనను, పై ఇరవై మందిని బాగానే రాస్తారు. వంద దాటాక వాళ్లకీ ఓపిక ఉండదు. అసలు ఎన్‌బీఏ డ్రాఫ్టులోనే 2014లో నికోలా యోకిచ్ 41వ వాడు. అతని పేరు వచ్చేటప్పుడు టీవీలో టాకో బెల్ యాడ్ నడుస్తోంది. తర్వాత మూడు సార్లు ఎంవీపీ అయ్యాడు.

మా లీగులో నేను మూడో స్థానం. బిర్యానీ రాలేదు, పెట్టనూ లేదు.

ఆ సీజన్లో మావాడు పాడేరు సంతకి వచ్చినప్పుడల్లా, అక్కడ సిగ్నల్ ఉంటుంది కాబట్టి, ఫోన్ చేసేవాడు. బాగున్నావా అని కూడా అడగడు. "ఏరా, మనోడు ఎన్ని లాక్కున్నాడు?" అంటాడు. నవంబర్లో ఒకసారి ఏడు అని చెప్తే కాసేపు నవ్వి, "నేను ఓసారి తొమ్మిది లాగేసినాను, నీకు గుర్తు లేదేటి?" అన్నాడు.

నాకు గుర్తు లేదు. ఉంది అన్నాను.