దూరితే చాలనుకున్నాను

పాత యూఎస్‌బీని ఒకసారి పెట్టి, దూరక తిప్పి, మళ్లీ మొదటివైపే తిప్పి పెట్టనివాళ్లు ఉండరు. సీ పోర్టుకి ఆ గొడవ లేదు, ఎటు పెట్టినా దూరుతుంది. నన్ను అదే ముంచింది.

పాతవాటికి ఆకారాన్ని బట్టే పని తెలిసేది. గుండ్రటి రంధ్రం ఛార్జర్‌కి, వెడల్పుది హెచ్‌డీఎంఐకి. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 పోర్టుకైతే లోపల నీలం రంగు వేసేవాళ్లు ఎక్కువమంది. 2014లో వచ్చిన టైప్-సీ ఈ గుర్తులన్నీ చెరిపేసింది. 24 పిన్నులున్న ఆ సన్నటి సందులోంచి కరెంటు, ఫైళ్లు, బొమ్మ అన్నీ పోయే వీలుంది. వీలు మాత్రమే. వాటిలో ఏవి ఇవ్వాలన్నది లాప్‌టాప్ చేసినవాళ్ల ఇష్టం, ఏవి మోయాలన్నది కేబుల్ చేసినవాళ్ల ఇష్టం. కొనేటప్పుడు ఈ సంగతి ఎవరూ దాచలేదు, నేనే అడగలేదు.

నాది పెళ్లి ఆల్బమ్‌ల డిజైన్ పని. కొత్త లాప్‌టాప్‌తోపాటు ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ కూడా కొన్నాను. దాని పెట్టెలో జానెడు కేబుల్ ఉంది. ఇంత పొట్టిదేం పనికొస్తుందని సొరుగులో పడేసి, లాప్‌టాప్ ఛార్జర్ కేబుల్ తగిలించాను. లావుగా, దిట్టంగా ఉంది కదా! రెండు వందల జీబీల పెళ్లి ఫొటోలు ఎక్కడానికి గంటన్నర పట్టింది. అవతల పెళ్లికూతురి నాన్నగారు ఫోన్ మీద ఫోన్.

కోపమంతా డ్రైవ్ అమ్మినాయన మీద చూపించాను. నకిలీ సరుకు అంటగట్టావని నలుగురి ముందూ అరిచాను. ఆయన ఎదురు మాట్లాడలేదు. "కేబుల్ ఏదీ, ఇటివ్వండి సార్" అని తీసుకుని, అటూ ఇటూ చూసి పక్కన పెట్టి, తన దగ్గరున్న పొట్టిది తగిలించాడు. అవే ఫొటోలు పది నిమిషాల్లోపే ఎక్కేశాయి.

ఛార్జింగ్ కేబుల్లో లావంతా కరెంటు కోసం. వంద వాట్లు మోసే కేబుల్ కూడా ఫైళ్ల విషయంలో 2000 నాటి యూఎస్‌బీ 2.0 వేగం దగ్గరే, అంటే సెకనుకు 480 మెగాబిట్ల దగ్గరే, ఆగిపోవచ్చు. ఐఫోన్ 15 పెట్టెలో వచ్చిన కేబుల్ వేగమూ అంతే. సొరుగులో నేను పడేసిన జానెడు ముక్కది దానికి పది రెట్లు.

ఇంత జరిగినా బుద్ధి రాలేదు. ఆల్బమ్ టీవీలో చూపిస్తానని ఒకరింటికి వెళ్లి, కనెక్టర్ పెడితే తెర నల్లగానే ఉంది. కనెక్టర్ పాడైందని ఇంకోటి కొన్నాను. తీరా చూస్తే నా లాప్‌టాప్‌కున్న రెండు సీ పోర్టుల్లో బొమ్మ ఇచ్చేది ఒకటే. దాని పక్కన డీ, పీ అక్షరాలు కలిపిన బుల్లి గుర్తు ఉంది. కళ్లజోడు పెట్టుకుంటే కనిపించింది.

కొత్త లాప్‌టాప్‌లు సీ పోర్టు నుంచి ఛార్జ్ అయి తీరాలని, 2026 ఏప్రిల్ 28 నుంచి అమలయ్యేలా యూరప్‌లో చట్టం చేశారు. మంచిదే, ఛార్జర్ల చెత్త తగ్గుతుంది. అయితే ఆ నిబంధన ఛార్జింగ్‌కే. ఫైళ్ల వేగం సంగతి మనమే చూసుకోవాలి. మా ఇంట్లో వేగంగా పనిచేసే కేబుళ్లకి మా ఆవిడ ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టింది. మావాడు ఫోన్ ఛార్జింగ్‌కి సరిగ్గా వాటినే ఎత్తుకుపోతాడు.