ఊరి పేరే సమాధానము

స్పెయిను దేశపు దక్షిణభాగమున, కొర్దోబా మండలములో, సియెర్రా మొరేనా కొండలనడుమ నొక మిట్టమీద ఫ్వెంతె ఒబెహూనా యను చిన్న యూరు కలదు. చుట్టును ఓకుచెట్ల బీళ్లు. వాని నీడల గొఱ్ఱెలును పందులును మేయుచుండును. ఫ్వెంతె యనగా ఊట. రెండవమాట వినినంతనే ఆ దేశీయులకు గొఱ్ఱె స్ఫురించును గాని, పూర్వమది తేనెటీగకు సంబంధించిన పదమని పండితులందురు. రోమనుల కాలమున ఈ ప్రాంతముననే మెల్లారియా యను పట్టణముండెను. ఆ పేరునందును తేనెయే యున్నది. తేనెటీగ గొఱ్ఱెగా మాఱుట మనకు వింత గాదు. మన యూళ్ల పేర్లను నాలుకలు ఎంతగా నలిపినవో ఎఱుగుదుము.

ఈ యూరు ప్రసిద్ధి కెక్కినది 1476వ సంవత్సరము ఏప్రిలు నెలలోని యొక రాత్రివలన. అప్పుడిది కలత్రావా యను పేరుగల, శస్త్రధారులైన క్రైస్తవసన్యాసుల సంఘమువారి యేలుబడిలో నుండెను. వారి ముఖ్యాధికారి ఫెర్నాన్ గోమెజ్ దె గుస్మాన్ ప్రజల సొత్తు హరించెననియు, వారి భార్యలను ఆడుబిడ్డలను చెఱచెననియు, 1572లో ఆ సంఘముల చరిత్ర ప్రకటించిన రాదెస్ ఇ ఆంద్రాదా చెప్పుచున్నాడు. ఊరివారందఱు నొక్కటై అతని మేడపై బడి, అతనితోనున్న పదునలుగురిని చంపి, అతనిని గవాక్షమునుండి క్రిందికి త్రోసిరి. క్రింద ఈటెలు నిక్కించి జనులు నిలిచియుండిరి.

సోదరీమణులారా, అటుపిమ్మటి సంగతి వినుడు. అతని యూపిరి పోకమునుపే ఊరి స్త్రీలు తప్పెటలును గజ్జెలును మ్రోగించుచు వచ్చిరట. జెండా యొకటి సిద్ధపఱచుకొని, తమలో నొకతెను నాయకురాలిగను, వేఱొకతెను ధ్వజధారిణిగను ఏర్పఱచుకొనియుండిరి. తల్లులను చూచి పిల్లలును తమ దండొకటి కూర్చుకొనిరి. చనిపోవుచున్న వాని యెదుట వాద్యములు మ్రోగించుట మనసున కింపు గాదు. అయినను, ఎంతకాలము నోరు మూసికొనియుండిన యిండ్లలోనుండి ఆ చప్పుడు వెలువడినదో యోచింపవలెను.

రాజాజ్ఞతో న్యాయాధికారి వచ్చెను. చంపినదెవరని యడుగుచు పలువురను చిత్రహింసల పాలు చేసెను. అందఱిదియు నొకటే మాట: ‘ఫ్వెంతె ఒబెహూనా.’ స్త్రీలును చిన్నవారును సైతము ఆ బాధలకోర్చి, మఱియొక పేరు చెప్పలేదని ఆ చరిత్రకారుడే వ్రాసెను. సంగతి ఫెర్డినాండు ఇసబెల్లా రాజదంపతుల కెఱుకపడగా, వారు విచారణ నంతటితో నిలిపివేయించిరట. ఈ యూరు తమదేయని కొర్దోబా నగరమువారు వాదించుచుండుటచే, తిరుగుబాటును వారే పురికొల్పిరని కొందఱు చరిత్రకారులందురు. కావచ్చును. కాని హింసలకు గురియైన యిల్లాలు పెదవి విప్పకుండుటకు వలసిన బలమును కొర్దోబా ఇచ్చియుండదు.

లోపె దె వేగా యను మహాకవి ఈ కథను నాటకముగ రచింపగా 1619లో అచ్చయినది. అందు లౌరెన్సియా యను రైతుబిడ్డ, అధికారి చెఱనుండి తప్పించుకొని, చెదరిన జుట్టుతో పురుషులు కూడియున్న సభలోనికి వచ్చి, మీరు మగవారేనా యని తండ్రి యెదుటనే నిలదీయును. తిక్కనగారి ద్రౌపదిని చదివిన మనకు ఆ ఘట్టము పరాయిది గాదు. ఒక భేదము మాత్రమున్నది: ద్రౌపది భర్తలకొఱకు వేచియుండవలసి వచ్చెను, లౌరెన్సియా స్త్రీలను దండుగా కూర్చుకొని తానే బయలుదేరెను.

అధికారి మేడయున్నచోట నేడు చర్చి యున్నదందురు. 1935లో మార్గరీత షిర్గు యను ప్రఖ్యాత నటి ఆ యూరి నడివీధిచావడి యందే ఈ నాటకము నాడెను. ఇటీవలి దశాబ్దములలో ఊరివారే వేషములు కట్టుచున్నారు. ఆ యూరి పిల్లయే లౌరెన్సియా యగును. ఆమె వెనుక నిలుచు స్త్రీలు ఇరుగుపొరుగువారే.