నొప్పి లేని మెరుపు

కొత్తగూడెం దాటి మేం పాల్వంచ చేరేసరికి కంటి ఆసుపత్రి వరండాలో బెంచీలన్నీ నిండాయి. భద్రాచలం అవతలి అడవి పల్లెల నుంచి తొలి బస్సుకు వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్లలో నలభై దాటిన తునికాకు కూలీ ఒకామె. మందపాటి అద్దాలు, మైనస్ ఏడు.

"నాలుగు రోజుల సంది రాత్రిపూట కుడికంట్ల మెరుస్తాంది సారూ. మబ్బు పట్టిందేమోనని బయటికొచ్చి చూస్తే ఆకాశం నిండ చుక్కలే" అంది. నొప్పి లేదు గనక ఆకు సీజన్ అయ్యాక చూపించుకుందామనుకుందట.

నొప్పి ఉండదు. రెటీనాకు తెలిసింది వెలుగొక్కటే. కంటిగుడ్డు లోపల తాటిముంజ లాంటి జిగురు ఉంటుంది. వయసుతో అది నీరై, ముడుచుకుని, వెనకున్న రెటీనాను లాగుతుంది. ఆ లాగుడునే రెటీనా మెరుపుగా చూపిస్తుంది. చీకట్లో, కన్ను తిప్పినప్పుడు, పక్కవాటుగా.

మైనస్ సైటు ఉన్నవాళ్లలో ఇది ముందే మొదలవుతుంది. మామూలు కంటిగుడ్డు పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. మైనస్ ఆరు దాటితే చాలామందిలో 26 దాటుతుంది. సాగిన కొద్దీ రెటీనా అంచులు పలచబడతాయి. మైనస్ సైటు లేనివాళ్లతో పోలిస్తే, మైనస్ ఒకటి నుంచి మూడు మధ్య ఉన్నా రెటీనా ఊడే ముప్పు నాలుగు రెట్లనీ, అది దాటితే పది రెట్లనీ 1993లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. అద్దాలు చూపును సరిచేస్తాయి, గుడ్డు పొడవును తగ్గించవు. లేజర్‌తో అద్దాలు వదిలించుకున్నవాళ్లకూ ఇదే లెక్క.

ఊరూరా కంటి పరీక్షలు చేసిన తెలంగాణ ప్రభుత్వ కార్యక్రమం కంటి వెలుగు రెండో విడత 2023 జనవరి 18న మొదలైంది ఖమ్మంలోనే. అద్దాల పరీక్ష ఊరి ముంగిటికి రావడం చాలా పెద్ద మేలు. కానీ రెటీనా అంచు చూడాలంటే చుక్కల మందు వేసి కనుపాప పెద్దది చేయాలి.

ఆమెకూ వేశారు. అరగంట తర్వాత డాక్టరు తలకు దీపం కట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని వంగారు. "పైకి చూడమ్మా. ఇంకా పైకి. ఇప్పుడు కుడిపక్కకి."

పై అంచున గుర్రపు నాడా ఆకారంలో చిన్న చిరుగు.

మెరుపులన్నీ చిరుగులు కావు. చాలామందిలో జిగురు విడిపోయి ఊరుకుంటుంది. రెండు కళ్లలోనూ వంకరటింకర గీతలు ఇరవై నిమిషాలు మెరిసి పోతే అది పార్శ్వపు నొప్పి తాలూకుది కావచ్చు. కొత్త మెరుపులతో నల్లచుక్కలు గుంపుగా రాలినా, ఓ పక్క తెర దించినట్టున్నా ఆ రోజే వెళ్లాలి. ఊడకముందైతే చిరుగు చుట్టూ లేజర్ వేస్తే చాలు. ఊడాక ఆపరేషనే.

లేజర్ కోసం వెళ్లాల్సిన హైదరాబాద్ ఇక్కడికి దాదాపు 300 కిలోమీటర్లు. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వచ్చింది. రేపు ఆకుకు రానని, ఆకు కొనే కల్లేదారుకు ఫోన్ చేసి, బస్సు ఎన్నింటికో అడిగింది.