చింపిన కాగితం

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో నాది చిన్న లేతు షాపు. తొమ్మిదేళ్ళ కిందట ఒక సోమవారం అక్కడ నేను చేసిన పని ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటికి మా దగ్గర ఒడిశా కుర్రాళ్ళు తొమ్మిదిమంది ఉండేవారు. వాళ్ళు అడిగినవి మూడు: పాతవాళ్ళతో సమానంగా ఓవర్‌టైము, పని బాగా వచ్చినవాడికి సెట్టరయ్యే అవకాశం, మెషిన్ల దగ్గర జాగ్రత్తల బోర్డు తమకు చదవడం వచ్చిన భాషలో. ఆ బోర్డు తమిళంలో మాత్రమే ఉండేది. అది చదవలేక ఒకడు అప్పటికే వేలు నలగ్గొట్టుకున్నాడు. శనివారం కూర్చుని మాట్లాడుకున్నాం. అడిగినవన్నీ న్యాయమే అనిపించి, కాగితం రాసి సంతకం పెట్టాను.

సోమవారం పొద్దున్నే పాతవాళ్ళంతా గేటు దగ్గర బైఠాయించారు. షాపు తెరిచిన రోజు నాతోపాటు కొబ్బరికాయ కొట్టినవాడూ వాళ్ళలో ఉన్నాడు. "ఇన్నేళ్ళు కష్టపడింది మేము, రేపు మా మీద సెట్టర్లు వాళ్ళా సార్?" అన్నాడు. సరుకు కోసం వచ్చిన లారీ బయట ఆగిపోయింది. మధ్యాహ్నం రెండింటి దాకా ఓర్చాను. తర్వాత లోపలికెళ్ళి కాగితం తెచ్చి అందరి ముందూ చింపేశాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు ప్రాణం తెరిపిన పడింది. ఈ మాట ఒప్పుకోవడమే నాకు అన్నిటికన్నా కష్టం.

కుర్రాళ్ళు నన్నేమీ అనలేదు. అన్నం మాత్రం విడిగా కూర్చుని తినడం మొదలుపెట్టారు. మూడు వారాలకు, రాత్రి షిఫ్టులో మాటా మాటా పెరిగి ఎవరి చేతిలోనో స్పానరు లేచింది. ఒక కుర్రాడి తలకు ఏడు కుట్లు పడ్డాయి. వారం తిరక్కుండా తొమ్మిదిమందీ సెంట్రల్ స్టేషన్‌లో కోరమండల్ రైలెక్కి వెళ్ళిపోయారు.

ఆ నెలలోనే గోడలకు రంగు వేయడానికి పుళల్ శరణార్థి శిబిరం నుంచి ఒకాయన వచ్చాడు. 1990లో శ్రీలంకలోని త్రికోణమలై వదిలి, పడవలో రామేశ్వరం చేరిన కుటుంబం. జరిగిందంతా ఆయనకు చెప్పాను, నన్ను నేను సమర్థించుకుంటూనే. ఆయన చేతిలో బ్రష్ ఆపకుండా, "మా దేశంలోనూ ఇట్లాగే ఒక కాగితం చింపారు సార్" అన్నాడు.

ఆ కాగితం గురించి తర్వాత చదివాను. సింహళమే అధికారభాష అని 1956లో చట్టం చేసినవాడు ప్రధాని బండారనాయకే. రెండు భాషలుంటే ఒక దేశంగా ఉంటాం, ఒకే భాష అంటే రెండు దేశాలవుతాం అని కొల్విన్ ఆర్. డిసిల్వా అప్పుడే హెచ్చరించారు. మరుసటేడు, 1957 జులై 26న, అదే బండారనాయకే తమిళ నాయకుడు చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్నాడు. ఉత్తర, తూర్పు రాష్ట్రాల్లో పాలన తమిళంలో జరగాలి. వ్యవసాయం, విద్య, చేపలవేట, రోడ్లు, కొత్తవాళ్ళకు భూములిచ్చి స్థిరపరచడం వంటివి ప్రాంతీయ మండళ్ళు చూసుకోవాలి. చెల్వనాయకం కూడా తన సమాఖ్య కోరికను పక్కన పెట్టి దిగివచ్చాడు. 1958 ఏప్రిల్‌లో బౌద్ధ భిక్షువులు కొలంబోలో ప్రధాని ఇంటి ముందు కూర్చున్నారు. ఆయన ఒప్పందాన్ని రద్దు చేశాడు. రద్దు చేశానని కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు.

మే నెలలో అల్లర్లు రేగాయి. 1959 సెప్టెంబరులో ఆయన్ను ఆయన ఇంట్లోనే కాల్చి చంపింది ఒక భిక్షువు. 1983లో మొదలైన యుద్ధం 2009 దాకా సాగింది. 80 వేల నుంచి లక్షమంది దాకా పోయారని ఐక్యరాజ్యసమితి అంచనా.

ఆ రోజు బండారనాయకే ఓర్చుకుని ఉంటే? అన్నీ చక్కబడేవని నేననను. మండళ్ళ మీదా తగాదాలు వచ్చేవి, ఎన్నికల్లో ఆయన ఓడిపోయేవాడేమో. కానీ తుపాకి పట్టక ముందు వెళ్ళి అడగడానికి జాఫ్నా కుర్రాడికి ఒక ఆఫీసు ఉండేది. బండారనాయకే తెలివితక్కువవాడు కాదు, ఒప్పందం రాసినవాడు ఆయనే. సొంతవాళ్ళు వాకిట్లో కూర్చున్నప్పుడు వాళ్ళకు కాదని చెప్పలేకపోయాడు.

మా నాన్నగారు చనిపోయేదాకా నెహ్రూని తిట్టేవారు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న ఇదే మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చుంటే, 58 రోజులు చూస్తూ ఊరుకున్నాడని. ఆ కోపం న్యాయమైనదే. డిసెంబరు 15న శ్రీరాములు చనిపోయాక ఆంధ్రలో రైళ్ళు ఆగాయి, కాల్పులు జరిగాయి. కానీ 19న ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్న మాటను నెహ్రూ మళ్ళీ వెనక్కి తీసుకోలేదు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. మద్రాసు మనకు రాలేదు. 1960లో తిరుత్తణి కూడా అటు వెళ్ళింది. దానికి ఇరువైపులా ఏడ్చినవాళ్ళున్నారు, యుద్ధం మాత్రం రాలేదు. ఈ అంబత్తూరులో తెలుగు మాట్లాడుతూ నేను షాపు నడుపుకుంటున్నాను.

ఏడాదిన్నర తర్వాత మళ్ళీ కుర్రాళ్ళు చేరారు. అవే మూడు షరతులతో మళ్ళీ కాగితం రాశాను. పాతవాళ్ళు మళ్ళీ గేటు దగ్గర కూర్చున్నారు. నేనూ వెళ్ళి వాళ్ళ పక్కనే నేలమీద కూర్చున్నాను, కాగితం మాత్రం లోపల గోడకే ఉంది. లారీ ఖాళీగా తిరిగిపోయింది, ఆ ఆర్డరూ పోయింది. నాలుగో రోజు మెషిన్లు తిరిగాయి.

బోర్డు ఇప్పుడు తమిళం, ఒడియా, హిందీలలో ఉంది. కుట్లు పడిన కుర్రాడికి ఫోన్ చేసి రమ్మన్నాను. అతను రాలేదు.