చిల్లర లెక్క

సత్యవేడు నుంచి ఊత్తుకోట మీదుగా పోతే సురుటుపల్లి. ప్రదోషం నాడు పళ్లికొండేశ్వరుడి గుడి బయట చేయి చాచినవాళ్లకు డబ్బివ్వద్దు, తాగేస్తారు, అన్నం పెట్టించు అంటాడు మా బావ. తాగేవాళ్లు లేరనను. కానీ కాలిపుండుకు మందు, ఊరికి బస్సు చార్జీ అన్నం పొట్లంలో రావు కదా! అన్న క్యాంటీన్‌లో తినాలన్నా 5 రూపాయలు చేతిలో ఉండాలి.

1977 నాటి రాష్ట్ర చట్టం అడుక్కోవడాన్నే నేరమంది. 2021లో సుప్రీంకోర్టు మాత్రం, గతిలేకే అడుక్కుంటారంటూ నిషేధానికి ఒప్పుకోలేదు.

పసిబిడ్డల చేత అడిగిస్తే ఇవ్వను. ఆ రూపాయే వాళ్లను బడికి దూరం చేస్తుంది. పెద్దవాళ్లకిస్తాను, లెక్కడగను. నా జీతం లెక్క నన్నెవరడిగారు? ఫోన్‌పే వచ్చాక జేబులో చిల్లరే ఉండటం లేదు. కొబ్బరికాయల అంగట్లో నోటు మార్చుకుంటున్నా.